సెల్ఫ్ కొట్టి చెవి ఒగ్గండి



తాళం తిప్పగానే కారు చేసే చప్పుడును ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? బండి బాగున్నన్నాళ్లూ దాన్ని ఎవరూ వినరు. మొరాయించిన రోజున ఇంటిల్లిపాదీ వింటారు, పక్కింటివాళ్లూ వింటారు. ఆ చప్పుడులోనే సగం రోగం ఉంటుంది. 'టక్' మని ఒక్కటే శబ్దం వచ్చి ఆగిపోతే ఒక రోగం. గుర్ర్... గుర్ర్... అని ఎడ్లబండి ఎత్తు ఎక్కినట్టు బరువుగా తిరిగితే ఇంకొకటి. చకచకా తిరుగుతూనే ఉండి ఇంజను మాత్రం అందుకోకపోతే మూడోది. తిరుగుతూ తిరుగుతూ 'ధడ్' మని వెనక్కి తన్ని నిలబడిపోతే నాలుగోది. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. కానీ మన దగ్గర నాలుగింటికీ ముందుగా పడే మందు ఒకటే. బ్యాటరీ మార్చడం.

నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత శిష్యుడి షెడ్డులో కూర్చుంటాను. అక్కడికి వచ్చే బళ్లలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి కొత్తగా పని చేయించుకొని వచ్చినవి. హెడ్డు అడుగు అరగదీసి ఫేసింగ్ చేయించినవి, క్యామ్ షాఫ్టు మార్పించినవి, గ్యాస్ కిట్టు బిగించుకున్నవి, పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను దింపుకున్నవి. ఇవి రోడ్డు మీద బాగానే పరిగెడతాయి. పొద్దున్నే స్టార్టవ్వవు. లేదా పొద్దున్న స్టార్టయి, బజారులో పది నిమిషాలు ఆపితే మళ్లీ కదలవు.

మామూలు బండి మొరాయిస్తే మెకానిక్కు చేతిలో కంపెనీ పుస్తకం ఉంటుంది. ఫలానా గ్యాపు ఇంత, ఫలానా టైమింగు ఇంత అని దాంట్లో ఉంటుంది. మార్పులు చేసిన ఇంజనుకు ఆ పుస్తకం సగమే వర్తిస్తుంది. మిగతా సగం ఆ పని చేయించిన మనిషి తలలో ఉంటుంది, పని చేసిన మేస్త్రి చేతిలో ఉంటుంది. ఎక్కడా కాగితం మీద ఉండదు. అందుకే ఇలాంటి బండి దగ్గర నేను పానా పట్టుకోను. ముందు అడుగుతాను: ఆఖరిసారి దీని మీద ఎవరి చెయ్యి ఎక్కడ పడింది?

పోయిన వేసవిలో ఒక కుర్రాడు మారుతి 800 తీసుకొచ్చాడు. కార్బొరేటర్ మోడల్. వాళ్ల నాన్నగారు కొన్న బండి. 1983 డిసెంబరులో ఆ మోడల్ మన రోడ్ల మీదికి వచ్చినప్పటి నుంచి ఎన్ని ఇళ్లకు అది మొదటి కారో ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామందికి తెలుసు. ఆ కుర్రాడికి దాని మీద ప్రేమ. దాన్ని అమ్మకుండా, పాడుపడనివ్వకుండా, ఇంకొంచెం చురుగ్గా పరిగెత్తించాలని కోరిక. అది మంచి కోరికే.

"ఏం చేయించావు బాబూ?" అని అడిగాను.

"బ్యాటరీ కొత్తది వేశాను మాస్టారూ. సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్షులు మార్పించాను. అయినా చల్లగా ఉన్నప్పుడు బరువుగా తిరుగుతుంది, వేడిమీద అసలు తిరగదు."

"అవి జబ్బు చేశాక చేయించినవి. జబ్బు చేయకముందు ఏం చేయించావో చెప్పు."

కాసేపు ఆలోచించాడు. హెడ్డు ఒక మిల్లీమీటరు ఫేసింగ్ చేయించాడట. పికప్ కోసం డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పించాడట. కార్బొరేటర్‌లో జెట్లు మార్పించాడట. అంతే అన్నాడు. ఇంకా ఏమైనా, ఇంకా ఏమైనా అని నాలుగోసారి అడిగితే, ఇంజను దింపినప్పుడు శుభ్రంగా కడిగించి పెయింటు వేయించానని చెప్పాడు. దాన్ని అతను పనిగానే లెక్కపెట్టలేదు. ఇంకొక సంగతి కూడా అప్పుడే బయటపడింది. సెల్ఫ్ ఎక్కువసేపు కొడితే లోపల చోక్ నాబ్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందట.

ఆ వాసన మాట వినగానే నాకు సగం నమ్మకం కుదిరింది. ఎందుకో చెబుతాను.

ఇంజను కారు బాడీకి నేరుగా బిగించి ఉండదు. అదురు తెలియకుండా రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు. సెల్ఫ్ మోటారు వాడుకున్న కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఇంజను నుంచి బాడీకి ఒక ఎర్తు పట్టీ ఉండాలి. రాగి తీగలతో అల్లిన బెత్తెడు పట్టీ అది. ఈ బండికి ఆ పట్టీ ఉంది. కానీ దాన్ని కొత్త పెయింటు మీద బిగించారు. కరెంటు ఆ దారిలో సరిగా పోలేక వేరే దారి వెతుక్కుంది. ఇంజనుకూ డాష్‌బోర్డుకూ మధ్య ఉన్న ఇనుప తీగ ఏది? చోక్ తీగ. సెల్ఫ్ మోటారు కరెంటులో కొంత ఆ సన్నటి తీగ గుండా వెళుతోంది. అందుకే అది కాలుతోంది. చోక్ తీగ, యాక్సిలరేటర్ తీగ వేడెక్కుతున్నాయంటే ఎర్తు పోయిందని ఇంజను మనకు చెబుతున్నట్టే.

మా శిష్యుడు ఆ పట్టీని అప్పటికే టెస్ట్ లైటుతో చూశాడు. లైటు వెలిగింది. మీటరులో బీప్ మోగింది. కాబట్టి ఎర్తు బాగుందన్నాడు. అతని తప్పు లేదు, చాలామంది ఇక్కడే మోసపోతారు. టెస్ట్ లైటుకు కావలసింది అర ఆంపియరు, మహా అయితే ఒక ఆంపియరు. చిన్న కారు సెల్ఫ్ మోటారుకు కావలసింది వంద ఆంపియర్లు, ఆ పైన. పిల్లకాలువలో నీళ్లు పారినంత మాత్రాన దానిలో కృష్ణ వరదను పట్టించలేం కదా. ఆ పట్టీ దగ్గర ఉన్న అడ్డు ఓంలో నలభయ్యో వంతు. మామూలు మీటరు దాన్ని సున్నా అనే చూపిస్తుంది. కానీ వంద ఆంపియర్లు దాని గుండా పోవాలంటే రెండున్నర వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి.

అందుకని కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. మీటరు వోల్టుల మీద పెట్టి, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ దిమ్మ మీద, ఎర్ర తీగ ఇంజను ఇనుము మీద ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమన్నాం. బాగున్న బండిలో ఒక వోల్టులో రెండు మూడు పదో వంతులు చూపించాలి. ఈ బండి 2.4 చూపించింది. ఆ సమయంలో బ్యాటరీ దగ్గర 11.3 వోల్టులు ఉన్నాయి. అంటే బ్యాటరీ దిట్టంగా ఉంది, మోటారుకు అందుతున్నది 8.9 మాత్రమే. కుర్రాడు తీసేసిన పాత బ్యాటరీ కూడా బాగున్నదే అయి ఉంటుంది.

మీటరు లేనివాళ్లు కూడా కొంత తెలుసుకోవచ్చు. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారి మోటారు మూలిగితే బ్యాటరీ దిగిపోయిందని అనుమానించవచ్చు. లేదా ఇంజను పట్టేసి ఉండవచ్చు. లైట్లు అలాగే వెలుగుతూ మోటారు మాత్రం మూలిగితే కరెంటు దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఈ బండి లైట్లు చెక్కు చెదరలేదు.

పట్టీ విప్పి, కింద పెయింటును ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు పూశాం. మీటరు 0.2 చూపించింది. ఇంజను చల్లగా ఉంది. చకచకా తిరిగి అందుకుంది. కుర్రాడి మొహం వెలిగిపోయింది.

ఇరవై నిమిషాలు తిప్పి తీసుకొచ్చి ఆపాం. ఐదు నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్ కొట్టాం. రెండు చుట్లు తిరిగి, ధడ్ మని వెనక్కి తన్నింది.

ఒకే బండిలో రెండు జబ్బులు ఉండవచ్చునన్నది మార్పులు చేసిన ఇంజన్ల దగ్గర ఎప్పుడూ గుర్తుంచుకోవలసిన మాట. ఒకే విడతలో నాలుగు పనులు చేయించినప్పుడు రెండు తప్పులు దొర్లడం వింతేమీ కాదు. మొదటి తప్పు సరిచేశాక కూడా రోగం పూర్తిగా పోకపోతే, మన నిర్ధారణే తప్పనుకొని సరిచేసినదాన్ని మళ్లీ విప్పేవాళ్లు ఉన్నారు. విప్పకూడదు. మీటరు చెప్పింది నిజం. మిగిలింది రెండో రోగం.

వెనక్కి తన్నడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. అంబాసిడర్‌కూ పద్మినికీ జీపుకూ ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పిన రోజులు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచమని, పిడికిలి బిగించి చుట్టూ వేయవద్దని పెద్ద డ్రైవర్లు క్లీనర్ కుర్రాళ్లకు మొదటి రోజే నేర్పేవారు. ఇంజను వెనక్కి తన్నితే బొటనవేలు, మణికట్టు విరిగిపోయేవి. ప్రపంచమంతటా అదే బాధ. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు తయారుచేసిన కరెంటు స్టార్టరు 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చాకే ఆ హ్యాండిలు మెల్లగా వెనక్కి తగ్గింది. మనిషి చెయ్యి విరగడం తగ్గింది గానీ ఆ తన్ను ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఆ దెబ్బ స్టార్టర్ గేరు తింటుంది, ఆ గేరును ముందుకు తోసే బెండిక్స్ తింటుంది, ఫ్లైవీలు రింగు పళ్లు తింటాయి.

ఎందుకు తన్నుతుంది? ప్లగ్గులో నిప్పురవ్వ పడగానే పెట్రోలు గాలి మిశ్రమం ఒక్కసారిగా భగ్గుమనదు. మంట పాకడానికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే కొన్ని డిగ్రీల ముందుగా నిప్పు వేస్తారు. పిస్టన్ పైకి చేరి దిగడం మొదలుపెట్టేసరికి మంట ఒత్తిడి అందుకోవాలి. ఇప్పుడు లెక్క చూడండి. నిప్పు 20 డిగ్రీల ముందు పడుతోందనుకుందాం. ఇంజను ఐడిల్‌లో నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే ఆ 20 డిగ్రీలు దాటడానికి సెకనులో 270వ వంతు పడుతుంది. అదే ఇంజనును సెల్ఫ్ మోటారు నిమిషానికి 200 చుట్లు తిప్పుతుంటే సెకనులో 60వ వంతు పడుతుంది. నాలుగున్నర రెట్లు ఎక్కువ సమయం. పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది, కింద నుంచి మోటారు తోస్తోంది, పైన మంట అప్పుడే పూర్తయి కిందికి నెడుతోంది. గెలిచేది మంటే. మన చెవికి వినిపించే 'ధడ్' అదే.

ఈ కుర్రాడి బండిలో డిస్ట్రిబ్యూటర్ ఎంత తిరిగి ఉందో టైమింగ్ లైటు పెట్టి చూస్తే, పుస్తకం చెప్పినదానికి పైన ఇంకో 12 డిగ్రీలు ముందుంది. ఎవరూ కావాలని అంత తిప్పరు. అది ఎలా జరిగిందో చూస్తే హెడ్డు ఫేసింగ్ దగ్గర తేలింది.

మారుతి 800 ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. ఒక్కోదానికి 265 సీసీ వస్తుంది. ఆ కార్బొరేటర్ ఇంజను కంప్రెషన్ నిష్పత్తి 8.7. అంటే పిస్టన్ పైకొచ్చి నిలబడ్డాక మిగిలే జాగా 34 సీసీలకు కాస్త ఎక్కువ. బోరు 68.5 మిల్లీమీటర్లు. హెడ్డు ఒక్క మిల్లీమీటరు అరగదీస్తే ఆ జాగాలో 3 సీసీలకు పైగా పోతుంది. నిష్పత్తి 9.4 దాటుతుంది. ఒక్క మిల్లీమీటరుకే అంత. సెల్ఫ్ మోటారు మీద బరువు పెరిగింది. ఎర్తు బాగా లేని బండిలో అది స్పష్టంగా తెలిసింది.

అంతకన్నా లోతైన సంగతి ఇంకొకటి ఉంది. లేతు షాపులో ఎవరూ చెప్పరు, చాలా మంది మెకానిక్కులూ ఆలోచించరు. ఈ ఇంజనులో క్యామ్ షాఫ్టు హెడ్డు పైన ఉంటుంది, కింద క్రాంకు నుంచి బెల్టు దాన్ని తిప్పుతుంది. హెడ్డు ఒక మిల్లీమీటరు తగ్గితే క్యామ్ ఒక మిల్లీమీటరు కిందికి దిగుతుంది. బెల్టు పొడవు మాత్రం మారదు. మిగిలిన వదులును టెన్షనర్ తన వైపుకు లాక్కుంటుంది. ఫలితంగా క్యామ్ దాదాపు ఒక డిగ్రీ, క్రాంకు లెక్కలో రెండు డిగ్రీల దాకా వెనకబడుతుంది. డిస్ట్రిబ్యూటర్ కూడా క్యామ్ చివరనే తిరుగుతుంది కాబట్టి నిప్పు కూడా అంతే వెనకబడుతుంది. బండి మొద్దుబారినట్టు అనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పితే చురుకు వస్తుంది. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త చురుకు. రోడ్డు మీద బాగుంది కదా అని అక్కడే బిగించేస్తారు. కావలసింది రెండు డిగ్రీలు, దానిపైన పడింది ఇంకో పన్నెండు.

ఇది టైమింగ్ రోగమా, మోటారు రోగమా అని తెలుసుకోవడానికి చాలా సులువైన పరీక్ష ఉంది. వేడి ఇంజనులో ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు తెచ్చే చిన్న తీగ ఊడదీసి సెల్ఫ్ కొట్టండి. నిప్పు లేదు కాబట్టి స్టార్టవ్వదు. కానీ హాయిగా తిరిగిందంటే, తీగ పెట్టగానే మళ్లీ తన్నిందంటే, నేరం టైమింగుదే. తీగ తీసినా బరువుగానే తిరిగితే మోటారు, బ్యాటరీ, తీగల వైపు చూడాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా సెల్ఫ్ మోటారు దింపేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

టైమింగు సరిచేశాం. ఆ రోజు మధ్యాహ్నం ఎండలో, ఇంజను కాగిపోతుండగా, ఆరుసార్లు ఆపి ఆరుసార్లు స్టార్టు చేశాం.

వేడిమీద మొరాయించడానికి మన వాతావరణం కూడా కారణమే. రాగికి ఒక గుణం ఉంది. ఒక్కో డిగ్రీ వేడికి దాని అడ్డు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఇంజను వేడికి సెల్ఫ్ మోటారు 60 డిగ్రీలు ఎక్కువ కాగిందంటే లోపలి చుట్ల అడ్డు పావు వంతు దాకా పెరిగిందన్నమాట. రెంటచింతల, రామగుండం ఎండల్లో బయటే 45 డిగ్రీలు ఉంటే బానెట్ కింద సంగతి వేరే చెప్పాలా? సైలెన్సర్ పైపులు మార్చి, వేడిని ఆపే రేకు పక్కన పారేసినవాళ్లు ఆ రేకు వెతికి మళ్లీ బిగించుకోవాలి. అది అలంకారానికి పెట్టింది కాదు. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి పొంగడం కూడా ఈ వేడి వల్లే. అప్పుడు పెట్రోలు వాసన గుప్పుమంటుంది. యాక్సిలరేటర్ పదేపదే తొక్కకుండా, ఒక్కసారి చివరిదాకా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువ వెళ్లి అందుకుంటుంది. పదేపదే తొక్కితే ఇంకా పెట్రోలు చిమ్మి ప్లగ్గులు తడుస్తాయి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్ల రబ్బరు పైపులు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. ఇంజను పని చేయించినప్పుడే వాటినీ మార్పించండి.

ఇక మూడో చప్పుడు. చకచకా తిరుగుతుంది, అందుకోదు. ఇక్కడ అడగవలసినవి రెండే. నిప్పు వస్తోందా, పెట్రోలు వస్తోందా. రెండూ వస్తుంటే సరైన సమయానికి వస్తున్నాయా. పని చేయించిన వెంటనే ఈ రోగం వస్తే ముందు ప్లగ్గు తీగల వరస చూడండి. అంబాసిడర్, పద్మిని లాంటి నాలుగు సిలిండర్ల బండికి 1-3-4-2. మారుతి 800కు 1-3-2. రెండు తీగలు తారుమారైతే చాలు, కార్బొరేటర్‌లోంచి ఫట్ ఫట్ మని ఎదురు పేలుతుంది. తీగలన్నీ వరసలోనే ఉండి కూడా ఎదురు పేలుతుంటే డిస్ట్రిబ్యూటర్‌ను సగం చుట్టు తిప్పి కూర్చోబెట్టి ఉండవచ్చు. పిస్టన్ పైకొచ్చేది రెండుసార్లు, ఒకసారి నొక్కడానికి, ఒకసారి పొగ నెట్టడానికి. మేస్త్రి రెండోదాన్ని మొదటిదనుకున్నాడన్నమాట.

పాత బళ్లలో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మంచి మార్పే. అయితే కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న బళ్లలో కొత్త పెట్టెకు కరెంటు ఎక్కణ్ణుంచి ఇచ్చారో చూడాలి. రెసిస్టర్ దాటాక ఇస్తే దానికి నిండు 12 వోల్టులు అందవు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజను పలికి, తాళం వదలగానే ఆగిపోతోందంటే ఆ రెసిస్టర్ తెగిపోయి ఉండవచ్చు. ఈ ఒక్క లక్షణం విని నేను ఫోనులోనే రోగం చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

క్యామ్ మార్పించినవాళ్లకు ఒక హెచ్చరిక. వేగం కోసం చేసిన క్యామ్ గాలి వాల్వును ఆలస్యంగా మూస్తుంది. మెల్లగా తిరిగేటప్పుడు లోపలికొచ్చిన గాలి కొంత వెనక్కి పోతుంది. కంప్రెషన్ గేజీ పెడితే తక్కువ చూపిస్తుంది. అది చూసి రింగులు పోయాయని ఇంజను విప్పేస్తారు. పెట్రోలు ఇంజన్లలో మామూలుగా 120 నుంచి 180 పీఎస్‌ఐ వస్తుందనే లెక్క కంపెనీ క్యామ్‌కు వేసింది. మారిన క్యామ్‌తో చూడవలసింది సిలిండర్లన్నీ ఇంచుమించు సమానంగా ఉన్నాయా లేదా అని.

గ్యాస్ కిట్టు గురించి ఒక్క మాట. ద్రవ గ్యాసును ఆవిరిగా మార్చే రెడ్యూసర్‌కు వేడి రేడియేటర్ నీళ్ల నుంచే వస్తుంది. పొద్దున్నే నీళ్లు చల్లగా ఉంటాయి. కాబట్టి పెట్రోలు మీద స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక గ్యాసుకు మార్చాలి. పెట్రోలు ఖర్చని నెలల తరబడి గ్యాసు మీదే కొట్టేవాళ్ల కార్బొరేటర్లు లోపల ఎండిపోయి జిగురు పట్టి, అవసరమైన రోజున పెట్రోలు ఇవ్వవు. పెట్రోలు అంబాసిడర్‌లో డీజిల్ ఇంజను దింపి పాత బ్యాటరీ, పాత కేబుళ్లే ఉంచినవాళ్ల బాధ వేరు. డీజిల్ నొక్కే నొక్కుడు రెట్టింపు దాటి ఉంటుంది. దానికి తగ్గ బ్యాటరీ, లావుపాటి కేబులు పడాల్సిందే.

కంప్యూటర్ ఉన్న కొత్త కార్ల దగ్గరికి వస్తే పద్ధతి అదే, పరికరం మారుతుంది. స్కానర్ పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను చుట్లు ఎంత చూపిస్తోందో చూడండి. ఇంజను తిరుగుతున్నా స్కానర్ సున్నా చూపిస్తే క్రాంకు సెన్సార్ దగ్గర తేడా ఉంది. ఫ్లైవీలు తేలిక చేయించినప్పుడో, క్లచ్చు మార్చినప్పుడో సెన్సార్ చదివే పళ్లు దెబ్బతినడం, సెన్సార్ జరగడం జరుగుతుంటాయి. కంప్యూటర్‌కు ఇంజను తిరుగుతున్న సంగతే తెలియకపోతే అది నిప్పూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. డ్యాష్ మీద తాళం బొమ్మ వెలిగిపోతుంటే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు, ఇంజనులో ఏ లోపమూ లేదు. పెద్ద ఇంజెక్టర్లు వేసి కంప్యూటర్‌కు ఆ సంగతి చెప్పకపోతే ప్లగ్గులు మొదటి చుట్టులోనే తడిసిపోతాయి. ఇలాంటి కార్లను పదేపదే తోసి స్టార్టు చేయకండి. మండని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. ఆమోదం ఉన్న గ్యాస్ కిట్టును అనుమతి ఉన్నచోట బిగించుకొని ఆర్‌సీలో రాయించుకోవాలి. ఇంజనే మారిస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. ఇంటి వంట సిలిండర్ గ్యాసును కారుకు ఎక్కించేవాళ్లు దయచేసి ఈ రోజుతో మానేయండి.

పరీక్షలు చేసేటప్పుడు గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచండి. పెట్రోలు వాసన గానీ గ్యాసు వాసన గానీ వస్తుంటే నిప్పు పరీక్ష చేయవద్దు. ముందు వాసన పోనివ్వండి. ప్లగ్గును ఇంజనుకు ఆనించి చూసేటప్పుడు చేత్తో పట్టుకోకండి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కొట్టే షాకు మామూలుది కాదు. చీర కొంగు, ఉత్తరీయం, వదులు చొక్కా చేతులు ఫ్యాను బెల్టు దరిదాపులకు రానివ్వకండి.

ఆ కుర్రాడు వెళ్లేటప్పుడు అతనికి ఒక చిన్న పని పెట్టాను. ఒక అట్టముక్క మీద మార్పులన్నీ రాయించాను. హెడ్డు ఒక మిల్లీమీటరు, ఏ తేదీ. ఏ జెట్లు తీసి ఏ జెట్లు వేశారు. టైమింగు ఎక్కడ బిగించారు. ఎర్తు పట్టీ దగ్గర మీటరు 0.2 వోల్టు. ఏ తేదీన పెయింటు వేశారు, ఏయే బోల్టులు విప్పారు. ఆ అట్టను డ్యాష్ అరలో ఆర్‌సీ పక్కన పెట్టుకున్నాడు.

షెడ్డు యజమానులకూ మేస్త్రులకూ నా మనవి ఇదే. మీరు మార్చిన ప్రతిదీ, చిన్నదైనా సరే, కొలతతో సహా ఒక కాగితం మీద రాసి బండి యజమాని చేతికి ఇవ్వండి. బండి ఉన్నవాళ్లు ఆ కాగితం అడగకుండా షెడ్డు దాటకండి.